అంచులో అరచెయ్యి

నగరిలో పొద్దున ఆరుకే మరమగ్గాలు మొదలవుతాయి. ఆ మోతలో గొంతు వినపడదు గనక షెడ్డులో అందరిదీ చేతిమాటే. పక్కనే ఇంట్లో ఉదయలక్ష్మి కూడా ఫోను చూసి సైగలు నేర్చుకుంటూ ఉంటుంది, కూతురి కోసం. భానుశ్రీకి ఆరేళ్ళు. ఆటిజమని తిరుపతిలో డాక్టరమ్మ చెప్పింది. నోట మాట లేదు. ఆ చిన్ని చేతులు గాలిలో పిట్టల్లా వాలుతుంటే, అవి చెప్పేది ఒక్కసారి తనకు అందితే చాలనిపించేది తల్లికి.

పొద్దున భాను ఏ సైగ చేస్తే, ఆ పూట వాళ్ళ నాయన మురుగేష్ నేసే లుంగీ అంచులో, ఎవరూ వేయకుండానే, అదే దిగుతుంది. "ఈ పొద్దు పాప నీళ్ళడిగినట్టుండాదే!" అని పక్క మగ్గం చిన్నబ్బ, చిటికెనవేలు లేని చెయ్యి ఊపి నవ్వేవాడు. అంతే.

నాలుగు రోజులుగా ఒకటే సైగ. ఎడమ అరచేతి మీద రెండు వేళ్ళు నడిచి, చివరనుంచి కిందికి దూకుతాయి. ఫోనులో అది లేదు. బజారుకేమోనని తల్లి బయల్దేరదీస్తే, పాప చెయ్యి విదిలించుకుని షెడ్డు గోడకు చెవి ఆనించి నిలబడేది. అన్నం కూడా మానేసింది.

"నీ ఫోను పంతులమ్మకేం తెలుసే? మా షెడ్డోళ్ళనడుగు," అన్నాడు మురుగేష్.

"అయితే నువ్వే చెప్పబ్బా, ఏమంటాండాది?"

అతను తల గోక్కున్నాడు. "పెరుగన్నమేమో!"

ఐదోరోజు లుంగీలు మడతపెడుతూ ఉదయలక్ష్మి ఆగిపోయింది. అంచు పొడుగునా అరచేతులు. అన్నిటికీ బొటనవేలు వంకర. పోయినేడు మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె తగిలి విరిగితే, పుత్తూరు కట్టుకు ఆలస్యంగా పోయి వంకరగా అతికించుకున్న మురుగేష్ వేలది. తలెత్తి చూస్తే, భాను కూడా బొటనవేలు వంచి మరీ ఆ సైగ చేస్తోంది. రోజూ అట్లాగే చేసిందేమో, తానే చూసుకోలేదు.

షెడ్డు గుమ్మానికి పరుగెత్తింది. అరుపు వినపడలేదు. మగ్గం మీదికి వంగి తెగిన పోగు ముడేస్తున్న మురుగేష్ ఎదుట తన బొటనవేలు వంచి, అరచేతి మీద వేళ్ళు నడిపించి దూకించింది.

అతను విసుక్కుంటూ లేచి గుమ్మం దాటినాడు. మరుక్షణమే ఎదురు మగ్గం నాడె ఎగిరి, ఇందాక అతని తల వంగి ఉన్న చోటు మీదుగా పోయి గోడలో దిగబడింది.

అన్ని మగ్గాలూ ఆపేశారు. భాను వచ్చి నాయన వంకర వేలు గుప్పిట్లో పట్టుకుంది. తర్వాత వదిలేసి, మళ్ళీ అరచెయ్యి చాపింది. ఈసారి బొటనవేలు తిన్నగానే ఉంది. చిటికెనవేలు మడిచింది.

చిన్నబ్బ తన చెయ్యి మెల్లగా లుంగీ మడతలో దాచుకున్నాడు. మగ్గం స్విచ్చు వైపు పోలేదు. చెప్పులు వెతుక్కుని వీధిలోకి నడిచినాడు.