అహల్య అడిగిన గడువు

ఆదాయపు పన్ను అంటే మునగాల పరగణా వాళ్ళకు పాత చుట్టం. ఇంగ్లీషు వాళ్ళ ఇలాకాలో ఉండేవారు గనుక దాని మంచిచెడ్డలు వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. నిజాం ఇలాకాలో ఉన్న మా సూర్యాపేట, మిర్యాలగూడలకు మాత్రం అది కొత్తల్లుడు. ఏం పెట్టాలో తెలియదు, ఏం పెట్టకపోతే అలుగుతాడో అసలే తెలియదు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వ్యాపారులంతా నోటీసులు చేతపట్టుకుని సూర్యాపేటలో నా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. వకీలును కదా, నాకేదో తెలుసని వాళ్ళ నమ్మకం.

అందులో ఒక నోటీసు చనిపోయిన మనిషి పేర వచ్చింది. సత్యనారాయణ నాకు చిన్ననాటి స్నేహితుడు. మిర్యాలగూడలో సొంతంగా బియ్యం మిల్లు పెట్టి, అది నిలదొక్కుకునేలోపే విషజ్వరంతో పోయాడు. భార్య అహల్య, ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. నెలాఖరులోగా అతని ఆదాయం లెక్క దాఖలు చెయ్యాలి. దానిమీద వారసులు సంతకం పెట్టాలి.

ఆ సంతకమేదో నేను పెడతానని అతని అన్న కృష్ణమూర్తి ముందుకొచ్చాడు. అన్నదమ్ములు ఏనాడో వేరుపడ్డారు. మిల్లులో అతనికి చిల్లిగవ్వ భాగం లేదు. కానీ సర్కారు కాగితం మీద ఒకసారి వారసుడినని సంతకం పడితే, రేపు మిల్లు పర్మిట్టుకు అదే సాక్ష్యం, ఎల్లుండి మిల్లుకూ అదే సాక్ష్యం. కంచే చేను మేస్తానంటే ఇట్లాగే ఉంటుంది.

అహల్యకు ఆ సంగతి బాగా తెలుసు. అయితే భర్త పోయిన ఆడమనిషి ఆరు నెలలు గడప దాటకూడదని వాళ్ళ ఇంటి ఆచారం. లెక్క పుస్తకాలేమో తమ్ముడి దినవారాలప్పుడే కృష్ణమూర్తి పట్టుకుపోయాడు. ఆరు నెలలు గడిచి, తాను బయటికొచ్చి, లెక్కలు చూసుకుని సంతకం పెట్టేదాకా గడువు కావాలని ఆమె అర్జీ రాసింది. బండి తోలే సైదులు చేత దాన్ని నాకు పంపింది.

పన్ను ఆఫీసరు పేరు రాజారత్నం. మునగాల వైపు బడిపంతులు కొడుకు. తాతల నాడు ఊరి బయట గూడెంలో బతికిన కిరస్తానీ కుటుంబం. మాట మెత్తన, పని మాత్రం ఖచ్చితం. నేనిచ్చిన అర్జీ రెండుసార్లు చదివాడు.

"గడువు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదండీ. కానీ నిన్న కృష్ణమూర్తిగారు వచ్చి, ఆమెకు చదువే రాదు, ఆమె పేరున అర్జీ ఏదన్నా వస్తే అది వకీలుగారు రాయించిందే అని చెప్పి వెళ్ళారు. ఆవిడ నా ఎదుట అడగాలి. ఆవిడ బయటికి రాకూడదంటున్నారు కదా, నేనే వస్తాను" అన్నాడు.

సర్కారు మనిషి నోటినుంచి ఇంత మంచి మాట రావడం నాకు కొత్త.

మర్నాడు కిరాయి మోటారులో మిర్యాలగూడ చేరాం. కృష్ణమూర్తి ముందే వచ్చి వాకిట్లో, ఇంటికి దూరంగా, ఒక కుర్చీ వేయించి పెట్టాడు. ఆఫీసరు చేతికి బజారు నుంచి తెప్పించిన గోలీసోడా ఇచ్చాడు. ఇంటి గ్లాసు ఆయన పెదవులకు తగలకుండా అదొక ఉపాయం. రాజారత్నం సీసా వంక చూసి, చిన్నగా నవ్వి తాగాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నన్ను లోపలికి రమ్మన్నారు గానీ నేనూ ఆ ఎండలోనే నిలబడ్డాను.

అహల్య తలుపు వెనక ఉంది. బావగారి ముందు ఆమె ఏనాడూ నోరు విప్పి ఎరగదు. కృష్ణమూర్తి తలుపు దాకా పోయి, చెవి ఒగ్గి, తిరిగొచ్చాడు.

"గడువు గిడువు ఏం వద్దంటున్నది సారూ. నన్నే దస్తఖతు పెట్టి ఖతం చెయ్యమంటున్నది."

పట్టపగలు ఇంత అబద్ధం! నేను నోరు తెరిచేలోపే రాజారత్నం లేచి నేరుగా మెట్ల దగ్గరికి నడిచాడు.

"అమ్మా, అది మీ మాటేనా?"

కృష్ణమూర్తి ఉరికొచ్చి అడ్డం నిలబడ్డాడు. "మెట్లెక్కొద్దు సారూ. గీ ఇంట్ల దేవుడర్ర ఉన్నది. ఆచారం గల్ల ఇల్లు. మీకు తెల్వంది కాదు."

మెట్టు మీద పెట్టిన కాలు రాజారత్నం వెనక్కి తీసుకున్నాడు. ఎంత చదివి, ఎంత పెద్ద ఉద్యోగం చేస్తున్నా, ఆ కాలు వెనక్కి తీసుకోవడం ఆయనకు చిన్నప్పుడే నేర్పి ఉంటారు. నాకు చాలా బాధ కలిగింది.

అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంది. అహల్య గడపకు అవతల నిలబడి ఉంది. చిక్కి సగమైంది.

"లోపటికి రాండ్రి సారూ."

"అహల్యా!" అన్నాడు కృష్ణమూర్తి.

"ఇల్లు నాది. నన్ను బయటికి పోవద్దన్నరు. ఎవరినీ లోపటికి పిలువొద్దని నాకెవరూ చెప్పలే."

"గాయన గడప తొక్కితే ఈ జన్మల నేను మల్ల తొక్క! మీ ఇంట్ల మంచినీళ్ళు గూడ ముట్ట!"

అహల్య పక్కకు జరిగి దారి ఇచ్చింది. రాజారత్నం నా వైపు చూశాడు. తర్వాత బూట్లు విప్పి లోపలికి నడిచాడు. ఆయన వెనకే నేనూ వెళ్ళాను.

ఆమె తన అర్జీని తడబడకుండా చదివి వినిపించింది, ఆయన ఎదుటే సంతకం చేసింది. గడువు ఎందుకని ఆయన అడిగాడు.

"మా ఆయన కష్టం ఎంతనో నేను సూసుకున్నంకనే దస్తఖతు పెడత సారూ. నా పిల్లల తిండి అది."

ఆరు నెలలు నిండేదాకా గడువు ఇస్తున్నాననీ, లెక్క పుస్తకాలు ఆమెకు అప్పగించాలనీ రాజారత్నం రాశాడు.

బయటికొచ్చి ఆ మాట చెప్పేసరికి కృష్ణమూర్తి లోపలికి రాబోయాడు. ఆ పుస్తకాల్లో తన చెయ్యి పడిన లెక్కలేవో ఆమె కంటబడతాయని భయమేమో, కానీ మెట్ల దాకా వచ్చి ఆగాడు. గడప తొక్కనని ఇందాక తానే పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది కాబోలు.

"లెక్కలు నీకు సమజ్ కావు. నేనే వచ్చి కూసోని చెప్పాలె" అన్నాడు కింది నుంచి.

"వద్దు బావగారూ. మీ మాట మీరు నిలబెట్టుకోండ్రి. పుస్తకాలు సైదులు బండి మీద పంపిస్తే సాలు" అంది అహల్య.