పన్నెండో వరస

ఇది నేను అల్లింది కాదు, సంచిలో చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది, వేళ్లకు గిన్నెలాంటిది తగలాలి, తగల్లేదు, అప్పడంలా పల్చగా ఏదో తగిలింది, పక్కదాని సంచి గాని తీశానా అని చూస్తే సంచి నాదే, మా సంజన పాత స్కూలు సంచి, జిప్పు పోయి పిన్నీసు పెట్టినది, ఊలు కూడా నాదే, శనివారం ఈ తుపాను షెల్టరులో ఇదే చాప మీద కూర్చుని నేను తిప్పలు పడిన ఆకుపచ్చ ఊలే, మరి ఇదేమిటి, అల్లిక నేర్పే స్వాతి మేడం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పరిచి అరచేత్తో నిమిరింది, ఎక్కడా లేవలేదు, ఎక్కడా ముడత లేదు, అబ్బ కుసుమా, టెక్కలిలో మూడు నెల్ల నుంచి నేర్చుకుంటున్నవాళ్లకి కూడా ఇంత నీటుగా రావడం లేదు, ఎవరు చేశారమ్మా అంటోంది, అందరూ నా మొహమే చూస్తున్నారు, నేనే అన్నాను, ఎందుకు అబద్ధమాడానో తెలియదు, నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

శనివారం నాది చూసి నవ్వని వాళ్లు లేరు, మేడం చెప్పడం చక్కగానే చెప్పింది, కొక్కెం సూదితో మధ్యలో ఆరు కుట్లు, రెండో వరసకు పన్నెండు, మూడోదానికి పద్దెనిమిది, వరసకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే గుండ్రంగా పరుచుకుంటుంది, పెంచకపోతే గిన్నెలా లేస్తుంది, మరీ పెంచితే కుచ్చిళ్లు పడుతుంది, అంతే, కాని నాకు పొగరు, విసురు వల అల్లే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు చెప్పేదేమిటి, మా నాన్న కొస దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిప్పుకుంటూ కిందికి అల్లుకొచ్చేవాడు, నాలుగు వరసలకొకసారి కన్నులు పెంచండర్రా, ఊరికే పెంచితే వల పాడైపోతాది అనేవాడు, నేనూ తమ్ముడు దిలీప్‌గాడూ చెరోపక్క కూర్చుని అల్లేవాళ్లం, వాడు మధ్యలో లేచిపోయి అద్దం ముందు జుట్టు దువ్వుకునేవాడు, ఆ లెక్కనే నాలుగు వరసలకొకసారి పెంచాను, వల వేలాడేది కాబట్టి దానికి ఆ లెక్క చెల్లింది, ఇది పరుచుకోవలసినదని నా బుర్రకు తట్టలేదు, నాలుగు వేళ్ల వెడల్పు వచ్చేసరికి అంచు లేచి నిలబడింది, నూకమ్మ వదిన దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, ఇదేటే, ఇడ్లీ గిన్నేటే, మీ ఆయన నెత్తికెట్టు, సరిపోతాది అంది, నేనూ నవ్వాను, చాలా రోజులకు నవ్వాను, ఇంటికొచ్చి అన్నాల దగ్గర సంజన నెత్తిన పెట్టాను కూడా, అది తల ఊపుతూ అమ్మా బాగుందా, నాన్నా బాగుందా అని అడిగింది, అతను ఒక్కసారి తలెత్తి చూశాడు, అన్నం సగం కూడా తినలేదు, కంచంలోనే చెయ్యి కడిగేసి బయటికి వెళ్లిపోయాడు, నాకు ఒళ్లు మండింది, పిల్ల ముద్దుగా అడిగితే బాగుందమ్మా అనడానికి కూడా నోరు రాదా ఈ మనిషికి అనుకున్నాను.

ఆదివారం నేను ఎండుచేపల బుట్టతో కంచిలి సంతకు వెళ్లాను, సంజనను వెంటబెట్టుకునే వెళ్లాను, ఇంట్లో ఎవరున్నారు, అతనొక్కడే, ఇంకెవరు ముట్టుకుంటారు సంచి, అతనా, కామేశా, ఎనిమిది నెలలుగా వల ముట్టనివాడు, పడవ వైపు తిరిగి చూడనివాడు, దడి పక్కన గొంతుక్కూర్చుని ఇసుకలో వేలితో గీతలు గీసేవాడు, ఆ మనిషి కొక్కెం సూది పట్టాడా, ఆ వేళ్లతోనా, నమ్మడం ఎలా, కుసుమా పదమూడో వరస మొదలెట్టమ్మా అంటోంది మేడం, నేను లెక్కపెడుతున్నాను, పన్నెండు వరసలు, చివరి వరసలో డెబ్బై రెండు కుట్లు, ఒక్కటి కూడా తప్పులేదు, పన్నెండు దగ్గర ఆగిపోయాడు, ఊలు బోలెడు మిగిలే ఉంది, అయినా ఆగిపోయాడు, ఎందుకాగాడు, మేడం, కళ్లు తిరుగుతున్నాయి, ఇంటికెళ్లొస్తాను అని లేచి వచ్చేశాను.

ఎండ ఇసుకకు పట్టి కాళ్లు చుర్రుమంటున్నాయి, చెప్పులు షెల్టరు మెట్ల దగ్గరే మరిచిపోయాను, జీడితోట పక్కనుంచి పరుగులాంటి నడక, నేనే కదా పంపాను, అదొక్కటే మాట రెండేళ్లుగా, నేనే పంపాను, బావా, దిలీప్‌గాణ్ని కూడా తీసుకుపో, ఇక్కడుంటే జులాయి అయిపోతాడు అన్నది నేనే, గుజరాత్‌లో వీరావల్ పడవ మీదికి ఇద్దర్నీ ఎక్కించింది నేనే, పలాస స్టేషన్లో దిలీప్‌గాడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు, జుట్టుకు నూనె రాసి పైకి దువ్వాడు, సముద్రంలో గీత దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు, పద్నాలుగు నెలలు జైలు, మధ్యలో ఒక పెట్టె వచ్చింది, తెరవొద్దన్నారు, మా అమ్మ పెట్టె మీద పడి ఏడ్చింది, జ్వరంతో పోయాడన్నారు, అంతే, ఎలా పోయాడో, పక్కన ఎవరున్నారో, నీళ్లు అడిగాడో లేదో, ఎవరూ చెప్పలేదు, తర్వాత ఇతను వచ్చాడు, అదే స్టేషన్లో దిగాడు, ఒక్కడే దిగాడు, నేను పలకరించలేదు, అన్నం తిన్నావా అనలేదు, నా తమ్ముణ్ని ఏటి సేసినావు అన్నాను, అంతమంది ముందు, అతను నోరు విప్పలేదు, ఆ రోజు మూతపడిన నోరు అవసరానికి తప్ప తెరుచుకోలేదు, నేను కూడా తెరిపించలేదు, మూల కూర్చున్న మగాణ్ని ఎన్నాళ్లని చూస్తాను, మొన్న పడవ నడిపే సరంగు ధర్మారావు బాబాయి వచ్చి వీరావల్ పడవకి మళ్లీ మనుషుల్ని కూడగడుతున్నానమ్మా, కామేశు వస్తాడా అంటే వస్తాడని నేనే చెప్పేశాను, బుధవారం రైలు, అతనికి చెబితే ఊఁ అన్నాడు, వెళ్తాననీ అనలేదు, వెళ్లననీ అనలేదు, ఊఁ అన్నాడు.

దడి పక్కన అక్కడే ఉన్నాడు, గుండ్రటి ముక్కను అతని ముందు ఇసుకలో పడేశాను, బావా, ఇదేటి అన్నాను, అతను నన్ను చూడలేదు, దాన్ని తీసి ఇసుక దులిపాడు, నువ్వే సేసినావా అంటే తల ఊపాడు, ఎక్కడ నేర్సినావు అన్నాను, అక్కడే, జైల్లో అన్నాడు, ఎదురుగా కూలబడ్డాను, అతను ముక్కను చూస్తూనే మాట్లాడాడు, అక్కడ ఒక ముసలాయన ఉండీవోడు, ఆళ్ల మనిసే, మా మాట ఆయనకి రాదు, ఆయన మాట మాకు రాదు, వేళ్లతోటి లెక్క సెప్పీవోడు, ఆరు, మళ్లీ ఆరు, బ్రష్షు కాడని గచ్చుకి రాసీ రాసీ కొక్కెం సేసుకున్నాం, టోపీలల్లీవోలం, పన్నెండు వరసలు సదునుగా పోవాల, ఆ మీదట పెంచకూడదు, పెంచకుండా అల్లితే అదే కిందికి దిగుతాది, నెత్తి మీద కూకుంటాది అన్నాడు, ఎనిమిది నెలల్లో అతను ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే, నేను వింటున్నట్టే లేదు, టోపీయా, నెత్తి మీదా, శనివారం నేను అల్లినదా, సంజన నెత్తిన పెట్టి నవ్వినదా, ఓలమ్మో.

మొన్న పాప నెత్తినెట్టినావు కదా, సూడలేకపోనాను, అందుకే నువ్వు లేనప్పుడు ఇప్పీసి మళ్లీ అల్లినాను అన్నాడు, ఎందుకు బావా, అక్కడ టోపీ ఎవులికల్లినావు అన్నాను, అడిగేశాను గాని జవాబు వద్దనిపించింది, చెవులు మూసుకోవాలనిపించింది, దిలీప్‌కి అన్నాడు, వాడి పేరు ఈ ఇంట్లో అతని నోట ఇదే మొదలు, ఆడికి జొరమొచ్చీసింది, బుర్ర గీసీసినారు, సలికాలం, బావా బుర్ర సల్లగున్నాది, బుర్ర సల్లగున్నాది అనీవోడు, నాకిచ్చిన స్వెట్టరు ఇప్పీసి ఆ దారంతోటి అల్లినాను, రెండు రోజులు పట్టీసింది, ఆడి బుర్రకి పన్నెండు వరసలు సరిపోనాయి, పెట్టినాను, అద్దం లేదు కదా అక్కడ, ఎలాగున్నాను బావా అన్నాడు, దొరబాబులాగున్నావురా అన్నాను, నవ్వినాడు, మర్నాడు పొద్దెక్కినాక నా ఒళ్లోనే పోనాడు అన్నాడు, అద్దం వదలనివాడు, గుండుతో, ఆకుపచ్చదో ఏ రంగుదో టోపీతో, నవ్వాడట, నవ్వాడట, నాకెందుకు సెప్పలేదు అని అరిచాను, పక్కింటి కోళ్లు బెదిరాయి, అతను మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు, నువ్వు అడిగినావు కదా కుసుమా, నా తమ్ముణ్ని ఏటి సేసినావనీసి, ఏటి సెప్పను, టోపీ సేసినాననీసి సెప్పనా అన్నాడు.

ఆ ముక్క అతని రెండు చేతుల మధ్య ఉంది, జానెడుకు కొంచెం తక్కువ, అది దిలీప్‌గాడి తల కొలత, చూపుతో పని లేకుండా చేతులే గుర్తుపెట్టుకున్న కొలత, దాన్ని దాటి అల్లడం అతనికి తెలియదు, అక్కడ ఆగిపోయాడు, చలికాలంలో స్వెట్టరు విప్పేసుకుని అతనేం కప్పుకున్నాడో నేను అడగలేదు, ఇప్పుడడగాలంటే భయంగా ఉంది, ఫోను తీసి ధర్మారావు బాబాయికి చేశాను, బాబాయ్, మా ఆయన రాడు, పేరు కొట్టీ అన్నాను, అదేటమ్మా, నువ్వే కదా మాటిచ్చినావు, ఆడికేటైనాది అని బాబాయి అంటూండగానే పెట్టేశాను, నా సంచిలోంచి కొక్కెం తీశాను, పదమూడో వరస మొదటి కన్నులో గుచ్చాను, బావా, ఎక్కడ పెంచాలో సెప్పు, ఇది టోపీ అవ్వకూడదు అన్నాను, అతను నా చేతి వైపు వంగాడు, పదకొండు ఒక్కోటి వేసి పన్నెండోదాన్లో రెండెయ్యి అన్నాడు, వేశాను, ఇంకా అన్నాను, మళ్లీ పదకొండు అన్నాడు, వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు, ఆ ముసలాయన నేర్పిన లెక్క, ఎక్కడా తప్పడం లేదు, నేను పంపిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడని, రావలసినవాడు రాలేదని ఎనిమిది నెలలుగా ఇతని మీద పళ్లు నూరుతున్నాను, ఇద్దరిలో ఒక్కడు కూడా ఇంకా ఇంటికి రాలేదని, దిలీప్‌గాణ్ని ఒళ్లో పెట్టుకుని ఇతను అక్కడే కూర్చుండిపోయాడని, నేనే చెయ్యి పట్టుకుని తీసుకురావాలని, ఈ ఎండలో, ఈ ఇసుకలో, ఇప్పుడు తెలిసింది.