కోర్టుకెళ్లిన కుడిచెయ్యి

ఐర్లాండులోని లూకన్‌లో మైథిలి ఇంట్లోంచి పొద్దున్నే మూడు చప్పుళ్లు వినిపించేవి. ముందు కుక్కరు కూత, తర్వాత మామగారి దగ్గు, ఆ తర్వాత ఎవరిదో ఒకరి చెంప పగిలిన చప్పుడు. మూడోది వినపడ్డాకే వీధి వీధంతా గడియారాలు సరిచేసుకునేది.

మైథిలి చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. ఆమె కుడిచెయ్యే అలాంటిది కాదు. అందేంత దూరంలో ఎవరు అబద్ధమాడినా లేచి, లాగి ఒకటిచ్చి వచ్చి ఒళ్లో కూర్చునేది. ఆమెనొక మాట అడగడమైనా ఉండేది కాదు. పెళ్లిచూపుల్లో "మావాడికి కాఫీ అలవాటు కూడా లేదండీ" అన్న పాపానికి మధ్యవర్తికి రెండు పళ్లు రాలాయి. పళ్లు పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టి, అనుకున్న ముహూర్తానికే పెళ్లి జరిపించారు. కొట్టింది చెయ్యి, మధ్యలో పిల్లదేం తప్పు?

ఐర్లాండు వచ్చాక దానికి తీరిక లేకుండా పోయింది. ఎలా ఉన్నావంటే కాలు విరిగినవాడు కూడా "గ్రాండ్" అనే దేశం మరి. క్లాండాల్కిన్‌లో మైథిలి సూపర్‌వైజరుగా ఉన్న గోడౌనుకి సోమవారం పొద్దున "గ్రాండ్, గ్రాండ్" అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే చెంపలు పట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లు. ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చెయ్యలేదు. కొందరు దెబ్బ తిన్నాక బావురుమని ఏడ్చి, మొగుడు వదిలేసిన సంగతో అమ్మ పోయిన సంగతో చెప్పుకుని తేలికపడేవాళ్లు కూడా.

కరోనా వచ్చి రెండు మీటర్ల దూరమన్నారు. దాంతో దేశంలో అబద్ధాలకోరులంతా బతికిపోయారు, ఇంట్లోవాళ్లు చచ్చారు. భర్త శ్రీధర్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మీటింగులో "ఆల్మోస్ట్ డన్" అన్నప్పుడల్లా ఫెడీమనేది. లైనులో ఏదో పేలుతోందనుకునేవాళ్లు అవతలివాళ్లు. పదిహేనేళ్ల కూతురు ఉజ్వల సైకిలు హెల్మెట్ పెట్టుకుంటే గానీ హోంవర్కు సంగతి ఎత్తేది కాదు. నెల్లాళ్లుందామని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇరుక్కున్న మామగారు శేషగిరిరావైతే "కూర బాగుందమ్మాయ్" అనే మాటనే మరిచిపోయాడు.

అలాంటి అక్టోబరులో తలుపు సందులోంచి కోర్టు సమన్లు వచ్చి పడ్డాయి. జ్యూరీకి రమ్మని. ఫలానావాడు నేరం చేశాడా లేదా అన్నది పన్నెండుమంది మామూలు జనం తేల్చాలట. ఈ దేశపు పౌరురాలైంది కదా, ఈసారి మైథిలి పేరు తగిలింది.

"నేను వెళ్లను బాబోయ్!" అంది మైథిలి. "కోర్టంటే అబద్ధాల సంత. ఈ చెయ్యి సాక్షిని కొడుతుంది, లాయర్ని కొడుతుంది, ఆఖరికి జడ్జీగారిని కూడా వాయిస్తుంది. నన్ను లోపలేస్తారు."

శేషగిరిరావు ముఖం మతాబాలా వెలిగింది. నరసరావుపేట మున్సిఫ్ కోర్టులో అమీనాగా ఇంటింటికీ తిరిగి సమన్లు అందించినవాడాయన. ఆ ఉద్యోగంలో ఆయన తినని దెబ్బ లేదు. రోకలిబండలతో మోదారు, మరిగే గంజి పోశారు, కుక్కల్ని వదిలారు, ఒకావిడైతే మంచంకోడు ఊడబెరికి మరీ కొట్టింది. ఒంటిమీద చోటు చాలక రిటైరయ్యే ముందు తిన్న దెబ్బలన్నీ గొడుగు మీదే తిన్నాడు.

"చేతికిచ్చి సంతకం పుచ్చుకోని సమన్లు సమన్లే కాదమ్మాయ్. సందులోంచి పడేసి పోతే చెల్లుద్దా? ఇక్కడి అమీనాకి పని రాదు. నేను రాసి వెనక్కి పంపిస్తా చూడు." కవరు వెనక తన కోర్టు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గీకి, కోడలి పక్కనే నిలబడి గొంతు సవరించుకుని దర్జాగా చదివి అర్థం చెప్పాడు. "పార్టీ ఊళ్లో లేదు. ఇంటికి తాళం వేసి ఉన్నది. ఇరుగుపొరుగుని విచారించగా ఆచూకీ తెలియలేదు."

ఐదు కిలోమీటర్లు దాటితే గార్డలు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి వెనక్కి పంపే రోజులు. ఊళ్లో లేకుండా ఉండటం దేశంలో ఎవరి తరమూ కాని రోజులు. మొదటి దెబ్బకి కళ్లజోడు ఎగిరి ఫ్యానుకి తగులుకుంది. రెండో దెబ్బకి కట్టుడుపళ్లు సాంబారులో మునిగాయి. మూడో దెబ్బకి మనిషే బొంగరంలా తిరిగి, వంటింటి ప్రెస్‌లో, అదే అలమారలో, పప్పుడబ్బాల మధ్య కూలబడితే తలుపు దానంతటదే మూసుకుంది.

"అయ్యయ్యో మామయ్యగారూ, నేను కాదండీ!"

"తెలుసమ్మాయ్," అంది ప్రెస్ బోసినోటితో. "నేనేం అనుకోలా."

చెయ్యి తలుపు తెరిచి నాలుగోది ఇచ్చి వచ్చింది.

శ్రీధర్ పప్పుగిన్నె మూత ముఖానికి అడ్డం పెట్టుకుని, "నీకు నడుంనొప్పని రాద్దామా?" అన్నాడు. మూత సొట్టపోయింది. ఆ సొట్ట వెనకనుంచే కాగితం చదివాడు. "డాక్టర్లకీ అరవై ఐదు దాటినవాళ్లకీ అడిగితే మినహాయింపు ఉందట."

"మరి నాకు?"

"నీకు లేదు. ఉన్నవాళ్లయినా ఆ ముక్క రాసి అడగాల్సిందే. పలక్కుండా ఊరుకుంటే జరిమానా."

ఉజ్వల హెల్మెట్ తీసేసింది. "యూ హావ్ టు ఆన్సర్ ఇట్, మామ్. ఇట్స్ ద లా, లైక్."

అందరూ చేతివంక చూశారు. అది పాలు తాగిన పిల్లిలా టేబుల్ మీద పడుకుని ఉంది. ఇంకేముంది, వస్తానని మైథిలి జవాబు పంపింది.

వెళ్లే రోజు పొద్దున శేషగిరిరావే చున్నీతో ఆ చేతిని ఆమె నడుముకి బిగించి కట్టాడు, పైన కోటు తొడిగించాడు. "జప్తుకెళ్లి పొగరుబోతు ఎద్దుల్ని కట్టి తెచ్చినవాణ్ణి. నా ముడి ఊడితే మీసం తీసేస్తా. అక్కడ నీ పనల్లా నలుగురితో నారాయణ అనడమే, తెలిసిందా? తక్కిన పదకొండుమందీ ఏమంటే నువ్వూ అదే అనేసి ఇంటికొచ్చెయ్."

"అంతే మామయ్యగారూ, నలుగురితో నారాయణ," అంది మైథిలి. దారిలో ఆపిన గార్డకి సమన్లు చూపించి వెళ్లింది.

కేసేమిటంటే, చేపలూ చిప్సూ అమ్మే కొట్టు బయట ఒకడి దవడని ఇనుపరాడ్డుతో పిండి చేశారట. ఫోటోలు చూపిస్తుంటే జ్యూరీలో ఒకాయన మాస్కులోనే వాంతి చేసుకున్నంత పని చేశాడు. కొట్టాడంటున్న డెక్లన్‌ని చూస్తే ఇంక సాక్ష్యం ఎందుకనిపిస్తుంది. రోడ్డురోలరంత ఛాతీ, మూడుచోట్ల వంకర తిరిగిన ముక్కు, వేళ్ల కణుపుల నిండా పుర్రెల పచ్చబొట్లు. "నేను కాదు. అప్పుడు ఇంట్లో పడుకుని ఉన్నా," అన్నాడతను. అది నిజమని జ్యూరీ అంటే ఇంటికి, కాదంటే ఏళ్లకేళ్లు జైలుకి.

కట్టులో ఉన్న చెయ్యి కదల్లేదు.

తర్వాత పట్టు టై కట్టుకున్న పెద్దమనిషి బోనెక్కాడు. తేనె కారే గొంతు. "డెక్లన్ కొట్టడం నా కళ్లతో చూశాను," అన్నాడు. బోను అందనంత దూరంలో ఉన్నా కోటు కింద చెయ్యి పామై లేచింది. పైగుండీ తెగి తుపాకీగుండులా దూసుకెళ్లింది. ఎద్దులు తెంచుకోలేని ముడి పటపటమంది. మైథిలి ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టి, చెమటలు కక్కుతూ కూర్చుంది. ఎవరిది అబద్ధమో ఆమెకి తెలిసిపోయింది. మిగతావాళ్లకి మాత్రం పుర్రెలూ టైయే కనిపించాయి.

ఆ తర్వాత పన్నెండుమందినీ ఒక గదిలో పెట్టి తలుపేశారు. లోపలి మాట బయట చెప్పడం అక్కడ తప్పు. మైథిలి ఈనాటికీ పెదవి విప్పలేదు. చెప్పిందల్లా చెంపే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాస్కు తాడు తెగి వేలాడుతోంది. చున్నీ పీలికలైంది. ఎడమచెంప మీద ఐదువేళ్లూ గోరింటాకు పెట్టినంత ఎర్రగా తేలాయి.

"ఎవడే వాడు?" అన్నాడు శ్రీధర్ అట్లకాడ అందుకుని.

"చెప్పకూడదండీ. ఇంకా తేలలేదు, రేపు మళ్లీ వెళ్లాలి."

శేషగిరిరావు ఆమెని అద్దం ముందు నిలబెట్టి, తన చెంప పక్కన పెట్టి చూశాడు. ఉంగరం నొక్కుతో సహా అచ్చుగుద్దినట్టు అదే ముద్ర.

"నీ చెయ్యే! నలుగురితో నారాయణ అనేశావా?"

మైథిలి కళ్లమ్మట నీళ్లు జలజలా రాలాయి. ముసలాయన ఆ చున్నీ పీలికలు చెత్తబుట్టలో పడేశాడు. ఎవరూ అడక్కుండానే అద్దంలో చూసుకుని మీసం తీసేసుకున్నాడు. "అంత పాడుసలహా ఇచ్చిన నన్ను కదా అది కొట్టాల్సింది. రేపు కట్టొద్దమ్మాయ్. దాన్ని వదిలెయ్."

మర్నాడు ఆ గదిలో ఏం జరిగిందో దేవుడికెరుక. ఇంటికెళ్లే తొందరలో ఉన్నవాళ్లు ఎన్నెన్ని మాటలన్నారో, రెండు మీటర్ల దూరం ఎంతవరకు పాటించారో తెలీదు. మధ్యాహ్నానికి బయటికొచ్చినప్పుడు మాత్రం పదకొండు మాస్కుల అంచుల వెంట చెంపలు వాచి పొంగి ఉన్నాయి, పన్నెండుమందిదీ ఒకటే మాట. డెక్లన్ నిర్దోషి.

బస్‌స్టాపులో చలికి వణుకుతూ నిలబడ్డ మైథిలి మీద కొండలాంటి నీడ పడింది. చూస్తే డెక్లన్. ఆమె చెంప చూడగానే అతని మెడనరాలు మోకుల్లా ఉబ్బాయి, పిడికిళ్లు బిగిశాయి.

"ఎవడమ్మా నిన్ను కొట్టింది? పేరు చెప్పు చాలు."

తలుపు తగిలిందనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మైథిలి తన చేతివంక చూసింది.

"నేనే," అంది.

అతను ఆమెనీ చేతినీ మార్చిమార్చి చూశాడు. పిడికిళ్లు మెల్లగా విడిపోయాయి. రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఇప్పుడెలా ఉంది మరి?"

"గ్రాండ్," అంది మైథిలి.

చెయ్యి కోటు జేబులోంచి కదల్లేదు.