చుక్కకోడి, పక్కింటి పిల్లి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా కూతురు ఆపదలో పడితే నన్ను కేకేసి పిలవడం దానికి రాదు.

లతకు మూడో ఏడు నడుస్తోంది. ఒక్క మాట రాలేదు. ఏడుస్తుంది, నవ్వుతుంది, కావలసింది వేలు పెట్టి చూపిస్తుంది. అమ్మా అని మాత్రం అనదు. చీరాలలో డాక్టరుగారు దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టారు, గ్లాసు మీద చెంచాతో మోగించారు. చెవులు బాగానే ఉన్నాయమ్మా, కొంతమందికి ఆలస్యమవుతుంది, ఇంట్లో దానితో బాగా మాట్లాడుతుండండి అన్నారు. ఇంకా ఏదో అడగాలనుంది నాకు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు నన్ను, పెద్ద చదువులు చదివినవాళ్ళ ఎదట నోరు పెగలదు. తలూపి వచ్చేశాను. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి కనపడ్డవన్నీ దానికి చెప్పుకుంటూ వచ్చాను. గేదె, ట్రాక్టరు, పొగాకు కాల్చే బ్యారన్, మిరప చేను. పక్క సీటావిడ నా వంక చూసి కొంచెం ఎడంగా జరిగింది.

మాది పర్చూరు పక్కన పల్లె. మా ఆయన అంకమ్మరావు మిరపకాయల టిక్కీ బస్తాలు తోలే లారీ మీద పోతాడు. నేను కోతల కాలంలో కూలికి పోతాను. పొద్దున్నే ఆటో ఎక్కి పొద్దుగూకే వేళకు దిగుతాం. మిరపకాయ కోసిన చేతుల సంగతి కోసినవాళ్ళకే తెలుసు. సబ్బు పెట్టి కడిగినా, మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా మంట తెల్లారిందాకా పోదు. ఆ చేత్తో బిడ్డ మొహం తాకకూడదు. అందుకని ఇంటికి రాగానే లతను మోచేతులతో దగ్గరకు తీసుకునేదాన్ని. అది నా మెడ పట్టుకుని వేలాడేది.

నేను లేనప్పుడు దాన్ని చూసేది పక్కింటి జహీరున్నీసా పిన్ని. జాకెట్లు కుడుతుంది. ఆవిడ మిషను కింద రంగురంగు ముక్కలు పోగేసుకుని లత పొద్దంతా ఆడుకునేది. పిన్నికి ఒక బూడిదరంగు పిల్లి ఉంది. పెంచుకున్నది కాదు, దానంతటదే వచ్చి చేరింది.

మొన్న కార్తీకంలో అంకమ్మరావు ఒక చుక్కకోడిని తెచ్చాడు. బిడ్డకు గుడ్డు పెట్టుకోవచ్చులే అన్నాడు. అది పొదిగి తొమ్మిది పిల్లల్ని లేపింది. నూకలు చల్లి దా దా దా అని పిలిస్తే అవన్నీ దొర్లుకుంటూ వచ్చేవి. లత నా పక్కన గొంతుక్కూర్చుని చూసేది. ఒకరోజు దా దా అంటూ ఎందుకో దాని వైపు చూశాను. దాని పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు, కానీ నాలుక పళ్ళకు తగిలి వెనక్కు పోతోంది. నేను పిలవడం ఆపితే ఆగుతోంది, మళ్ళీ మొదలుపెడితే కదులుతోంది.

ఆ రోజు నుంచీ అవి నాకు కోడిపిల్లలు కావు. నా బిడ్డకు మాట ఎక్కడి నుంచైనా వస్తే ఆ పిల్లల దగ్గర నుంచే రావాలనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. రోజూ పొద్దున్నా సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నూకలు చల్లేదాన్ని.

మొదటి పిల్లను గద్ద ఎత్తుకుపోయింది. పిన్ని చెబితే మిగిలినవాటికి గులాబీ రంగు పూశాం. రంగు పూసిన పిల్ల మీదికి గద్ద దిగడానికి జంకుతుందని మా వైపు అందరూ పూస్తారు. గద్ద మళ్ళీ దిగలేదు గానీ, సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక పిల్ల కనపడకుండా పోయింది. తర్వాత ఇంకొకటి. ఆ రెండోది ఎక్కడికి పోయిందో నా కళ్ళతో చూశాను. గోడ మీద బూడిద పిల్లి, నోట్లో గులాబీ రంగు.

లత కూడా చూసింది. ఆ సాయంత్రం నూకలు చల్లితే వచ్చి కూర్చుంది గానీ దాని పెదాలు కదలలేదు.

గోడ దగ్గరకు పోయి పిన్నిని పిలిచాను. నీ పిల్లి నా పిల్లల్ని తింటోంది, కట్టేసుకో అన్నాను. పిల్లిని కట్టేసినవాళ్ళను నేనెక్కడా చూళ్ళేదు అంది పిన్ని. నవ్వుతూనే అంది.

"దానికి పాలు పోశానే గానీ బుద్ధులు పోశానా అమ్మాయ్? రెండు కోడిపిల్లలకు ఇంత రాద్ధాంతమేంటి?"

రెండు కోడిపిల్లలే, ఆవిడకు. నాకేంటో ఆవిడకు తెలియదు, నేను చెప్పలేదు కదా. కడుపులో ఉన్నది చెప్పకుండా గొంతు మాత్రం పెద్దది చేశాను. రేపటి నుంచి నా బిడ్డను కూడా మీ ఇంటికి పంపను, మీ పిల్లితో మాకు పని లేదు అన్నాను. పిన్ని ముఖంలో నవ్వు పోయింది. లోపలికి పోయి మిషను తొక్కుకుంది. చాలాసేపు ఆ చప్పుడు ఆగలేదు.

మర్నాటి నుంచి కోతకు పోలేదు. కూలి ముఠావాళ్ళ ఆటో వాకిట్లో ఆగి హారన్ కొట్టి పోయింది. ఇంట్లో ఉండి పిల్లను, కోడిపిల్లల్ని కాచుకున్నాను. ఎంతకాలమని కాస్తాం?

అంకమ్మరావుకు వాడరేవులో ఆదాం అని స్నేహితుడున్నాడు, పడవ మీద పోతాడు. అతన్ని అడిగి చిరుగులు కుట్టిన పాత వల ఒకటి తెచ్చాడు. ఉప్పు వాసన, చేపల వాసన. ఆ సాయంత్రమే పెరటి మూల మొత్తం కప్పేశాం. కోళ్ళ గూడు, దాని పక్కన పొయ్యిలోకి పేర్చుకున్న పత్తికట్టె మోపులు, నిమ్మచెట్టు, అన్నీ వల లోపలికే వచ్చాయి. అంచుల మీద ఇటుకలు పెట్టాం. ఇక పిల్లీ రాదు, గద్దా రాదు, దర్జాగా పడుకో అన్నాడు మా ఆయన. నాకు చాలలేదు. ఇంట్లో రంగు పోయిన తాలు మిరపకాయలుంటే దంచి, ఆ కారం వల అంచు చుట్టూ చల్లాను, ముగ్గు పోసినట్టు.

తెల్లారేసరికి పిల్లి వచ్చి ఉంది.

వల చుట్టూ తిరుగుతోంది. మూతి పెట్టడం, కారం తగిలి తుమ్మడం, ముందుకాళ్ళతో మొహం రుద్దుకోవడం, మళ్ళీ ఇంకోచోట మూతి పెట్టడం. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. చీపురు విసిరాను. గోడ ఎక్కింది, నేను లోపలికి పోగానే దిగింది. నీళ్ళు కొట్టాను. తడిసి ముద్దయి కూడా వచ్చింది. దాని అరుపు పిల్లి అరుపులా లేదు, లోపలి నుంచి గీరుకుంటూ వస్తోంది. రుచి మరిగిన పిల్లి ఇలాగే ఉంటుందనుకున్నాను. ఎంత మొండిదో అనుకున్నాను. లోపల చుక్కకోడి ఈకలు రేపుకుని, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కూర్చుంది.

లత అన్నం తినలేదు. ముద్ద పెడితే తల తిప్పి పిల్లి వైపే చూసింది. జడుసుకుందేమోనని లోపలికి ఎత్తుకుపోయి పడుకోబెట్టాను. కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నమైంది కదా, వీధి పంపు దగ్గరకు పోయి ఒక్క బిందె పట్టుకొద్దామని వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి చాప మీద లత లేదు.

బిందె ఎక్కడ దించానో గుర్తు లేదు. మంచం కింద చూశాను. వీధిలోకి పరిగెత్తాను. లతా, లతా అని అరుస్తున్నాను, అరుస్తూనే అనుకుంటున్నాను, ఇది పలకదు, నేనెంత అరిచినా ఇది పలకదు. లారీలు తిరిగే రోడ్డు. కాలవ. అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి.

పెరట్లోంచి వినపడింది.

"దా."

చిన్న గొంతు, కొంచెం బొంగురుగా, ఎప్పుడూ వాడని తలుపు తీసినట్టు. నేను ఎప్పుడూ వినని గొంతు అది.

"దా. దా. దా."

వల దగ్గర ఉంది. ఒక ఇటుకను పక్కకు నెట్టేసింది. వల అంచును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, బయట ఉన్న పిల్లిని పిలుస్తోంది. నేను చూస్తుండగానే పిల్లి దాని చేతుల కింద నుంచి లోపలికి దూరింది. చుక్కకోడి పిల్లి మీదికి దూకి ముక్కుతో పొడిచింది. పిల్లి దాని వంక చూడలేదు. ఎదురుగా ఉన్న కోడిపిల్లలనూ చూడలేదు. నేరుగా పత్తికట్టెల సందులోకి పోయింది.

అప్పుడు వినపడింది నాకు, కట్టెల లోపలి నుంచి సన్నగా, ఒకటి కాదు, రెండు మూడు గొంతులు.

నేను అక్కడే నిలబడిపోయాను. లత చేతులు కారంలో ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఆ చేతులు దాని కళ్ళ దాకా పోకముందే మణికట్లు పట్టుకుని, గోడ వైపు తిరిగి పిన్నీ అని కేక పెట్టాను.

మిషను ఆగింది. పిన్ని వచ్చింది. కుట్టడానికి తీసుకున్న గుడ్డ భుజం మీద అలాగే ఉంది. మజ్జిగ గిన్నె తెచ్చి లత చేతులు అందులో పెట్టి, వేలు వేలునా నిమిరింది. అంతా అయ్యాక కట్టెల దగ్గర వంగి చెవి పెట్టి విన్నది.

"పది రోజులైంది పిల్లి ఈని. నా బీరువా వెనకాల ఈనితే మిషను మోతకు భయపడి మోసుకుపోయింది. పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుద్దంటారు గదా, ఏ ఇంట్లో పెట్టిందా అని నేనే వెతుకుతున్నా. నీ ఇంట్లోనే పెట్టిందన్నమాట." వల అంచున కారం చూసి అంది. "కోడిపిల్ల కోసం ఏ పిల్లీ కారంలో అన్నిసార్లు మూతి పెట్టదమ్మాయ్."

నేను నా చేతుల వంక చూసుకున్నాను. నిన్న కారం దంచిన మంట ఇంకా ఉంది.

పిల్లికూనలను పట్టుకుందామంటే నా చేతులు పనికిరావు. చుక్కకోడిని, దాని పిల్లల్ని కలిపి గంప కింద మూసి, పైన రాయి పెట్టాను. పిన్ని జాకెట్టు ముక్కలు పరిచిన బుట్ట తెచ్చింది. మోపులు ఒక్కొక్కటే తీస్తే అడుగున మూడున్నాయి, కళ్ళు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఒక్కొక్కదాన్ని పిన్నే తీసి బుట్టలో పెట్టింది. తల్లి ఒకటే అరుపు, కానీ గీరలేదు. దాని కళ్ళు నా కొంగు నీళ్ళలో ముంచి పిన్ని చేతే తుడిపించాను. బుట్ట ముందు, దాని వెనక పిల్లి, దాని వెనక లత, గోడ సందులోంచి పిన్ని ఇంటికి పోయారు. వంటింటి మూల, మిషనుకు దూరంగా పెట్టింది బుట్ట.

అప్పుడు చెప్పాను పిన్నికి. ఆ కోడిపిల్లలు నాకేమిటో, లత పెదాలు ఎలా కదిలాయో, ఇప్పుడు ఏం వినపడిందో.

"ఆ మాట ముందే చెబితే నా మంచం కింద పెట్టుకుని కాసేదాన్ని గదే నీ కోడిపిల్లల్ని" అంది.

పిల్లి మంచిదైపోయిందని చెప్పను. పిల్లి పిల్లే. ఇప్పుడు పిన్ని రోజూ పొద్దున్నే ఎండుచేపల తలకాయలు దానికి కడుపునిండా పెట్టాకే నేను గంప ఎత్తి కోళ్ళను బయటికి వదులుతాను. వల అలాగే ఉంది, కారం మాత్రం మళ్ళీ చల్లలేదు. ఒకసారి గోడ మీద నుంచి కోడిపిల్లలనే చూస్తూ కూర్చుంటే చుక్కకోడే తరిమికొట్టింది. మిగిలిన ఆరు పిల్లలూ పెరిగాయి. గులాబీ రంగు పోయి అసలు ఈకలొచ్చాయి. రెండు పుంజులు, నాలుగు పెట్టలు.

లత ఇప్పుడు అందర్నీ దా అంటుంది. బస్సును, కాకిని, పాలాయనను. సాయంత్రం ఆటో దిగితే పిన్ని అరుగు మీద నుంచి నన్నూ దా అంటుంది. అమ్మా అని ఇంకా రాలేదు. నేను తొందరపడటం లేదు. దా అన్నా నేనే కదా పోయేది.

మళ్ళీ కోతకు పోతున్నాను. నేను చేలో ఉంటాను, ఫోను టిఫిను సంచిలో ఉంటుంది, మిరప సాళ్ళ మధ్య ఉన్న నాకు వినపడదు. పిన్నికి ఈ మధ్య గిరాకీ ఎక్కువైంది, మిషను మీద వంగితే చుట్టూ ఏం జరిగినా తెలియదు. పగలు ఎప్పుడైనా మీరు మా వీధిన పోతే, నీలం తలుపున్న పిన్ని ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మిషను చప్పుడు మధ్యలో దా అని వినపడితే మీ దారిన మీరు పోవచ్చు. వినపడకపోతే మాత్రం, తలుపు తోసి, మా లత ఏం చేస్తోందో ఒకసారి చూసి పొండి.