చెయ్యెత్తితే ఆగే రెక్కలు

ఆదివారం ఉదయం పది గంటలకు బావమరిది తన తల్లిని వెంటబెట్టుకుని దుకాణంలోకి అడుగు పెట్టగానే తాళాలాయన గుండెల్లో రాయి పడింది.

"అమ్మ కూడా ఆడుతుంది బావా," అన్నాడు బావమరిది. "రిటైరయ్యాక ఇంట్లో తోచట్లేదంటే తీసుకొచ్చా."

"ఆడండి అత్తయ్యా, దానికేముంది," అన్నాడు తాళాలాయన. అల్లుడన్నవాడు ఇంకేమనగలడు?

షట్టర్ సగం దించి ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎత్తాలి. అప్పటిదాకా తాళంచెవులు కోసే యంత్రం పక్కకు జరిగి, కౌంటరు మీద పటం పరుచుకుంటుంది. ఆట తేలికే. ఒకరు కుర్చీలో కూర్చుని లేని దేశాన్ని ఉన్నట్టు చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర ఎంచుకుని ఆ దేశంలో తిరుగుతారు. తలపెట్టిన పని జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, అంకె ఎంత పెద్దదైతే అంత మేలు. ఇంటి నియమం ఒక్కటే. దేశం చివర గోపురంలో ఉన్న గంట ఒకే పూటలో మోగిందా, చెప్పేవాడు కుర్చీ దిగాలి. గంట దగ్గరికి ముందు చేరినవాళ్లది కుర్చీ.

ఏడేళ్లుగా తాళాలాయన దిగలేదు. మధ్యలో ఒకసారి జ్వరమొచ్చి మూడు ఆదివారాలు బావమరిదికి అప్పగించాడంతే. బావమరిది పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లు చేస్తాడు. ఆ మూడు వారాలూ ఎదురొచ్చిన ప్రతి రాక్షసుడికీ పుప్పిపన్నే. చివరికి రాజుగారి నిధి తవ్వితే దవడ పన్ను బయటపడింది. అయినా కుర్చీ రుచి మరిగాడు.

తాళాలాయనకు మాత్రం ఆ కుర్చీ ప్రాణం. బయట అతన్ని పిలిచేవాళ్లంతా తాళంచెవి పోగొట్టుకుని మండిపడుతున్నవాళ్లే. త్వరగా పగలగొట్టవయ్యా అనేవాళ్లే. మూసిన తలుపు ముందు కూర్చుని ముచ్చటపడే మనుషులు అతనికి దొరికేది ఈ కౌంటరు దగ్గరే. ఎనిమిది నెలలు కూర్చుని కొత్త దేశం గీశాడు. లోయ, ఊబి, ముళ్లడవి, ఏడు తాళాల కోట, కోట వెనక గోపురం. తొమ్మిది ఆదివారాలకు తక్కువ పట్టదు.

"అత్తయ్యా, మీరు ఎవరిగా ఆడతారు?"

"వాడే రాసిచ్చాడు బాబూ," అంటూ ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివింది. "రెక్కల మనిషి. ఎంత దూరమైనా ఎగరగలదు. ఇద్దరిని మోయగలదు."

బావమరిది నియమాల పుస్తకం తెరిచి పేజీ మీద వేలు పెట్టాడు. "అక్షరం కూడా మార్చలేదు బావా. చూసుకో. అమ్మ గంట దగ్గర దిగుద్ది. కుర్చీ అమ్మకొస్తుంది. అమ్మ నాకిస్తుంది. అంతేగా అమ్మా?"

"నాకెందుకురా కుర్చీ, నడుం నొప్పి," అంది ఆవిడ.

తాళాలాయన భార్య తమ్ముడి వైపు ఓరగా చూసింది. ఆమెది ఆటలో వైద్యురాలి పాత్ర. "కన్నతల్లిని నిచ్చెనలా వాడుకుంటున్నావురా," అంది.

పది గంటల ఇరవై నిమిషాలకు లోయ పోయింది. కూతురిని ఒక చంకన, కొడుకుని ఒక చంకన వేసుకుని అత్తగారు గాల్లోకి లేచింది. తాడు వంతెన, దాన్ని కొరికే ఎలుకలు, వంతెన కింద కాపలా మొసలి, అన్నీ కింద బొమ్మల్లా ఉండిపోయాయి. మూడు నెలల పని మూడు నిమిషాల్లో హరీ అంది.

తాళాలాయన సుడిగాలి వదిలాడు. అత్తగారు పాచిక దొర్లించింది. ఇరవై. గద్దల గుంపును తోలాడు.

"ఎదురొస్తున్నాయా? జరగండి జరగండి, లోపలికి జరగండి!" అని గదిమింది ఆవిడ. మళ్లీ ఇరవై. గద్దలు జరిగాయి.

"నేరుగా పో అమ్మా! గోపురం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అని తాళాలాయనే చెప్పాల్సి వచ్చింది. పైనున్నవాళ్లకు కనబడేదంతా చెప్పాలని నియమం. నుదుటి చెమట తుడుచుకుని నోట్సు చూస్తూ నీరసంగా చదివాడు. "కింద ఊబి. ఊబి పక్కన ఒకడు నిలబడి చెయ్యి ఊపుతున్నాడు."

వాడు బురద భూతం. బాటసారులను పిలిచి బురదలోకి లాగడం వాడి పని. నడిచి వచ్చేవాళ్ల కోసం పెట్టిన ఉచ్చు, ఎగిరేవాళ్లకు దానితో ఏం పని?

అత్తగారు కళ్లజోడు తీసేసింది. "చెయ్యెత్తాడా?"

"ఎత్తాడు."

"అయితే ఆపండి."

"అమ్మా, అది భూతం!" అన్నాడు బావమరిది.

"ముప్పై రెండేళ్లు బస్సులో కండక్టర్ చేశానురా. చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోయానని నా మీద ఒక్క ఫిర్యాదు లేదు." ఆవిడ పటం మీద తన బొమ్మను ఊబి ఒడ్డున దించింది. "ఎక్కడికి నాయనా?"

ఎనిమిది నెలల్లో భూతాన్ని ఆ ప్రశ్న అడుగుతారని తాళాలాయనకు తట్టలేదు. "ముళ్లడవికి," అన్నాడు నోటికొచ్చిన మాట. "చెల్లెలింటికి. తొమ్మిదేళ్లయింది మాటల్లేక."

"అయ్యో పాపం. రేయ్, వయసులో ఉన్నావు, దిగి ఆయనకు చోటియ్యి."

"నేనా?"

"ఇద్దరికే చోటు. ఆ పేజీ నువ్వే చూపించావుగా. రైట్, రైట్!"

బావమరిది ఊబి ఒడ్డున దిగబడ్డాడు. వాడి తల మీదుగా తల్లి, అక్క, బురద భూతం ఎగిరిపోయారు.

తాళాలాయన ఇంకా తేరుకోలేదు. భార్య మోచేత్తో పొడిచింది. "ఏమండీ, ఆ రాతిగుట్ట దగ్గర కూడా ఎవరో నిలబడ్డట్టున్నారు కదూ?"

అతనికి వెలిగింది. "ఒకరేంటి? కుటుంబం. రాతి మనుషులు ఐదుగురు. చంకలో పిల్ల."

"చంటిపిల్లతో ఎండలో నిలబెట్టారా!" అత్తగారు కిందికి దిగింది. కూతురు కూడా దిగి చోటిచ్చింది.

ఇక ఆ దేశంలో చేతులు లేవని చోటు లేదు. గుహల్లోంచి లేచాయి, బావుల్లోంచి లేచాయి. పెళ్లిచూపులకు వెళ్లాల్సిన తోడేలు ఒకటి, గోళ్లు తీయించుకోవడానికి బయల్దేరిన గద్ద ఒకటి. ఆ గద్ద ఎగరొచ్చు కదా అని అడిగితే రెక్క బెణికిందన్నాడు తాళాలాయన. ఇద్దరేసి చొప్పున దింపడం, మళ్లీ రావడం. ప్రతివాడికీ ఒక ఊరు కావాలి, ఆ ఊరికో దారి కావాలి. కాలినడకన తొమ్మిది వారాలకు కూడా కనిపించని మూలలు గంటన్నరలో పటం మీద నిండిపోయాయి.

"ఇది అన్యాయం!" బావమరిది బల్ల గుద్దాడు. "ఎగిరేవాళ్లకు అడ్డూ అదుపూ ఉండదా? అలసట ఉండాలి. మంత్రం అయిపోవాలి. ఏదో ఒకటి పెట్టు బావా!"

"అలసట పుస్తకంలో లేదోయ్," అన్నాడు తాళాలాయన చల్లగా. "అక్షరం మార్చలేదని నువ్వేగా అన్నది."

"అయితే నడిచే పోతా!"

పోయాడు. పాచిక వాడి పక్షాన ఉంది. ఊబి అంచున గట్టు వెతికాడు, ముళ్లడవిలో పాక్కుంటూ వెళ్లాడు. పన్నెండున్నరకు కోట తలుపు ముందు నిలబడ్డాడు. మొదటి తాళం ఊడింది, రెండోది ఊడింది. కట్టుడు పళ్లు చెక్కే వేళ్లు కదా, సన్నటి పని వాడికి కొత్త కాదు. నాలుగోది తీసేసరికి వాడు అరవడం మానేశాడు. కుర్చీ అంచుకు జరిగి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అడిగినదానికే జవాబిస్తున్నాడు.

తాళాలాయన ఒక కన్ను వాడి మీద, ఒక కన్ను గడియారం మీద, నోరు అత్తగారి మీద పెట్టాడు. పన్నెండు యాభై ఐదు. ఇంకో ఐదు నిమిషాలు గడిస్తే చాలు.

"ఐదో తాళం," అన్నాడు బావమరిదితో. "తాళంచెవి దూరుతుంది. తిరగదు."

"ఎందుకు తిరగదు?"

"బాబూ, ఇక్కడెవరో ముసలాయన చెయ్యెత్తాడన్నావు," అత్తగారు అడ్డొచ్చింది. "ఎక్కడికట?"

ఊళ్లన్నీ అయిపోయాయి. బావులు, గుహలు, మర, వాగు, వియ్యంకుడి ఇల్లు, అన్నీ వాడేశాడు. మనసు ఐదో తాళం దగ్గరుంది. "గోపురానికి," అన్నాడు. "గంట కొట్టే ఆయన. డ్యూటీకి ఆలస్యమైంది."

కాలు జారితే తీసుకోవచ్చు. భార్య నెత్తి కొట్టుకుంది.

"డ్యూటీకా? ముందే చెప్పొద్దూ!" అత్తగారు రివ్వున లేచింది. తాళాలాయన గాలి వదిలాడు, వాన వదిలాడు. ఆవిడ పాచిక విసిరింది. పంతొమ్మిది. పన్నెండు యాభై తొమ్మిదికి ముసలాయన గోపురంలో దిగి, చెమట తుడుచుకుని, ఎవరూ అడగకుండానే గంట కొట్టాడు.

తాళాలాయన కుర్చీలోంచి లేచాడు. నోట్సు పుస్తకం మూసి అత్తగారి ముందు పెట్టాడు.

"నాకొద్దన్నానుగా. ఒరేయ్, తీసుకో," అంది ఆవిడ. "ఆ రాతి మనుషుల్లో ఇంకా ముగ్గురు అక్కడే ఉన్నారు. నేను పోవాలి."

బావమరిది కుర్చీ వైపు చూడలేదు. పటం మీద కోట తలుపునే చూస్తున్నాడు. "తాళంచెవి దూరింది. తిరగలేదు. ఎందుకు తిరగలేదు బావా?"

"అందులో రాసుంది, చదువుకో. ఇక పుస్తకం నీదే."

బావమరిది చెయ్యి పుస్తకం దాకా వెళ్లి, కాలినట్టు వెనక్కొచ్చింది. "చదివేస్తే ఇంకేం మిగిలింది? నేనే తియ్యాలి. నువ్వు అవునో కాదో చెప్పు చాలు. తలుపు బరువు గడియ మీద పడిందనుకో. తలుపుని నా వైపు లాగి పట్టుకుని తిప్పితే?"

ఇరవై ఏళ్ల వృత్తిలో ఆ ప్రశ్న తాళాలాయనను ఎవరూ అడగలేదు.

"కుర్చీలో ఉన్నవాడే చెప్పాలి," అన్నాడు.

బావమరిది కాలితో కుర్చీని అతని వైపు తోశాడు. "అయితే కూర్చుని చెప్పు! ఇంకా మూడు తాళాలున్నాయి."

షట్టర్ బయట ఎవరో తలుపు తీయమని దబదబా బాదుతున్నారు. తాళాలాయన కూర్చున్నాడు.

"లాగు," అన్నాడు. "మెల్లగా."