నడిమి కుట్టు

వేలాడే దారం కనిపిస్తే ఊరుకునే చేతులు కావు చెల్లెలివి. లైబ్రరీ బైండింగు సెక్షన్లో పదిహేడేళ్ళుగా చిరిగిన పుస్తకాలు కుట్టి కుట్టి, బస్సులో పక్కసీటు మనిషి సంచి అంచున పోగు లేచినా అటే చూస్తూ కూర్చునేది. చిన్నప్పుడు బక్కపలచగా, ఎప్పుడూ ఏదో ఒకటి కుట్టుకుంటూ ఉండేదని అక్క ‘సూది’ అని పేరు పెట్టింది. నలభై దాటినా ఆ పేరు పోలేదు.

అందుకే, అక్క ప్రయాణం నాలుగు రోజులుందనగా, బీరువాలో కాగితాలు సర్దుతూ పాస్‌పోర్టు తెరిచినప్పుడు, నడిమి పేజీ దగ్గర దారం ఊడి వేలాడుతుంటే వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పాత దారం లాగేసింది. అవే బెజ్జాల్లోంచి, మైనం పట్టించిన తెల్లదారంతో, బైండింగు మేస్త్రి నేర్పిన పద్ధతిలో కుట్టింది. ముడి బయటికి కనిపించకుండా లోపలికి తోసింది. ఇస్త్రీపెట్టె బరువు కింద పావుగంట ఉంచి, తీసి చూసుకుంటే పుస్తకం కొత్తదానిలా మూసుకుంది. అక్కతో చెప్పలేదు. చొక్కాకి గుండీ కుట్టినవాళ్ళు ఊరంతా చెప్పుకుంటారా?

అక్క వెళ్ళేది చుట్టపుచూపుకి కాదు. ఇరవై రెండేళ్ళు ఒకే ఆస్పత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసింది. మరక చూసి ఏ వార్డు దుప్పటో చెప్పేది. ఈ ఇరవై రెండేళ్ళలో ఆ గదికి ఐదుగురు ఇన్‌చార్జిలు మారారు, ఐదుగురికీ పని నేర్పింది అక్కే. పదో తరగతి తప్పిందని ఆ కుర్చీ మాత్రం ఆమెకు దక్కలేదు. అలాంటిది, పరాయి దేశంలో ఒక పెద్ద ఆస్పత్రివాళ్ళు ఫోన్లోనే గంటసేపు ప్రశ్నలడిగి, చదువు ఊసెత్తకుండా, ఇన్‌చార్జిగా రమ్మన్నారు. ఆ ఉత్తరానికి అక్క ప్లాస్టిక్ తొడుగు వేయించుకుంది.

విమానాశ్రయంలో సాగనంపేవాళ్ళు నిలబడే కడ్డీ విమానాల కంపెనీ కౌంటరుకి పది అడుగుల దూరంలోనే ఉంది. అందువల్ల చెల్లెలికి అంతా వినపడింది.

“అమ్మా, ఈ పాస్‌పోర్టు ఎవరు కుట్టారు?” అంది కౌంటరు అమ్మాయి. ఆమె చేతిలో వేలెడంత నీలం దీపం ఉంది.

“కుట్టడమేంటి తల్లీ? ఆఫీసువాళ్ళు ఎలా ఇచ్చారో అలాగే ఉంది.”

“అసలు దారమైతే ఈ దీపం కింద మెరవాలండీ. ఇది మెరవట్లేదు.”

“దీపంలో బ్యాటరీ అయిపోయిందేమో చూసుకో.”

లైన్లో ఎవరో నవ్వారు. అక్క కూడా నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళి టై కట్టుకున్న సూపర్‌వైజర్ని తీసుకొచ్చింది. అతను పాస్‌పోర్టుని రెండు వేళ్ళతో, తడిసిన వస్తువుని పట్టుకున్నట్టు పట్టుకుని పేజీలు తిప్పాడు.

“కుట్టు విప్పి మళ్ళీ వేశారు. లోపల పేజీలు మార్చారో ఏమో. ఇలాంటి దొంగ పాస్‌పోర్టులు మేం రోజూ చూస్తాం. పక్కకి రండి.”

“ఏంటీ? మళ్ళీ అనండి ఆ మాట.”

“పక్కకి రండమ్మా, వెనక జనం ఉన్నారు.”

“జనం ముందు అన్నారుగా, జనం ముందే తేల్చండి. ఎవరు దొంగ? ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి సామాను నా చేతిలో ఉంది. ఒక్క తలగడ గలీబు పోలేదు!”

చెల్లెలు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. ‘నేనే కుట్టాను’ అని రెండే రెండు మాటలు. నోటిదాకా వచ్చాయి. ఒక అడుగు ముందుకి వేసింది కూడా. ఇంతలో అక్క ఇటు తిరిగి, “సూదీ, చూశావా వీళ్ళ అన్యాయం! దాన్ని ఎవరం ముట్టుకున్నామే?” అని అరిచింది. చెల్లెలి తల దానంతటదే అడ్డంగా ఊగింది.

అక్క వెనక నిలబడ్డతని పాస్‌పోర్టు అట్ట సగం ఊడి ఊగుతోంది, మీద టీ మరక. అమ్మాయి నీలం దీపం పెట్టింది. దారం మెరిసినట్టుంది, బోర్డింగ్ పాసు ఇచ్చి పంపేసింది.

అక్క పాస్‌పోర్టుని మాత్రం కవర్లో పెట్టి, సీలు వేసి, తమ దగ్గరే ఉంచుకున్నారు. తీసుకెళ్ళిన రెండు పెట్టెలూ తిరిగి ఇంటికొచ్చాయి.

మర్నాడు పరాయి దేశం ఆస్పత్రికి ఫోన్ చేస్తే, అవతలావిడ మర్యాదగానే మాట్లాడింది. మూడు నెలలు ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతామంది. కానీ తప్పు మీది కాదని విమానాల కంపెనీ రాసిచ్చిన ఉత్తరం కావాలి, పాస్‌పోర్టు మీద ఇలాంటి మచ్చ ఉన్నవాళ్ళని తీసుకోవడం కుదరదు అంది. అక్కకి కావలసింది ఆ ఒక్క కాగితం.

దానికోసం కంపెనీ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఇవాళ మేనేజరు లేడు, రేపు రండి. రేపు వెళ్తే ఫిర్యాదు కంప్యూటర్లో పెట్టండి. పెడితే, ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని జవాబు. రాజీనామా ఇచ్చిన ఆస్పత్రిలోనే మళ్ళీ రోజుకూలీగా చేరింది. ఆమె పని నేర్పిన పిల్లే ఇప్పుడు ఆమెకు దుప్పట్లు లెక్కపెట్టి ఇస్తోంది. ఇస్త్రీ చేసే మనిషి రోజూ ఉదయం, “ఏంటక్కా, విమానం ఇంకా రాలేదా?” అనేవాడు.

“వచ్చిందిరా, నీ ఇస్త్రీబల్ల మీద దిగుదామని చూస్తోంది, కాస్త జరుగు,” అనేది అక్క. ఇంటికొచ్చాక మాత్రం ప్లాస్టిక్ తొడుగు ఉత్తరం తీసి చదువుకునేది.

చివరికి ఫిర్యాదుల కమిషన్‌కి వెళ్ళింది. అర్జీ తనే చెప్పింది. చేతిరాత బాగుంటుందని చెల్లెలిచేత రాయించింది. “రాయి. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు నుంచీ నేను గానీ, నా ఇంట్లోవాళ్ళు గానీ దాన్ని విప్పలేదు, కుట్టలేదు. రాశావా?”

“రాశాను.”

“కింద గీత కూడా గియ్యి.”

చెల్లెలు స్కేలు పెట్టి గీత గీసింది. ఆ రోజు చెప్పినా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు కదా అని తనకి తను చెప్పుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ రెండు నెలలూ దాన్నే పట్టుకుని వేలాడింది.

కమిషన్ అధికారి పద్ధతైన మనిషి. కుట్టు సంగతి కుట్టు తెలిసినవాళ్ళు చెప్పాలని, సీలు కవరు తీయించి పాస్‌పోర్టుని ప్రభుత్వ లైబ్రరీ బైండింగు సెక్షన్‌కి పంపించాడు. ఆ ఊళ్ళో అలాంటి సెక్షన్ ఒక్కటే ఉంది. అందులో పనిచేసేది ఇద్దరే, మేస్త్రీ, చెల్లెలూ.

మేస్త్రి కళ్ళజోడు పైకి నెట్టి, పాస్‌పోర్టు నడిమికి తెరిచి, వేలిగోరుతో ఒక్కసారి కుట్టు మీద రాసి చూశాడు. మూసేశాడు. జిగురు గిన్నె దగ్గరున్న చెల్లెల్ని పిలిచాడు.

“అమ్మాయ్, ముడి లోపలికి తోసే అలవాటు ఈ ఊళ్ళో ఇద్దరికే ఉంది. నేనైతే కుట్టలేదు.”

ఆమె జిగురు చేతులు కొంగుకి తుడుచుకుంది.

“కుట్టు బ్రహ్మాండంగా ఉంది. అదే కొంప ముంచింది. వంకరటింకరగా వేసుంటే ఎవడో పని తెలియనివాడు వేశాడనుకునేవాళ్ళు. ఇంత నీటుగా ఉంటే దొంగపని అనుకోక ఏమనుకుంటారు?”

“దారం వేలాడుతోంది మేస్త్రీ. దారిలో పేజీలు ఊడిపోతాయని...”

“నాకెందుకు చెప్తావు? నేను చూసింది రాస్తాను. పేజీలన్నీ మొదటివే, ఒక్కటీ మారలేదు. కుట్టు మాత్రం చేత్తో వేసింది. రెండూ రాస్తాను, ఒకటి రాసి ఒకటి మింగడం నావల్ల కాదు. శుక్రవారం పంపిస్తాను. ఈలోపు మీ అక్కకి చెప్పు. ఎవరో చదువుతుంటే విని తెలుసుకునే సంగతి కాదది.”

గురువారం సాయంత్రం అక్క ఉతికిన దుప్పటి మడత పెడుతోంది. ఇంట్లో దుప్పటి కూడా ఆస్పత్రి పద్ధతిలోనే, ఇద్దరూ చెరో కొస పట్టుకుని, గట్టిగా లాగి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. రెండోసారి కొసలు కలిసినప్పుడు చెల్లెలు చెప్పింది.

“అక్కా, అది నేనే కుట్టాను.”

“ఏది?”

“పాస్‌పోర్టు. నువ్వు వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు.”

అక్క ఆమె చేతిలోంచి కొసలు తీసుకుంది. మిగిలిన మడతలు ఒక్కతే వేసింది.

“అక్కడ కడ్డీ దగ్గర నిలబడ్డప్పుడు తెలుసా నీకు?”

“తెలుసు.”

“అర్జీ రాసినప్పుడు?”

“తెలుసు.”

“స్కేలు పెట్టి గీత కూడా గీశావు కదే!” అక్క మంచం మీద కూర్చుంది. “కుట్టావు సరే. నీ చేతులు ఊరుకోవు, నాకు తెలియనిదా. ఆ కౌంటరు పిల్లని పొద్దున్న లేస్తూనే తిట్టుకున్నాను. దాని కళ్ళు పోవాలన్నాను. పాపం, దానిపని అది చేసుకుంది. నువ్వేమో ఈ ఇంట్లో రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని తింటూ...” అని ఆపేసింది. దుప్పటి తలగడ కింద పెట్టింది. తర్వాత చాలా రోజులు ‘సూదీ’ అన్న పిలుపు ఆ ఇంట్లో వినపడలేదు. కావలసి వస్తే, “ఇదిగో” అనేది.

విచారణ అరగంటలో ముగిసింది. మేస్త్రి కాగితం చదివారు. చెల్లెలు లేచి నిలబడి, కుట్టింది తనేనని, అక్కకి తెలియదని చెప్పింది. గొంతు వణకలేదు. ఇప్పుడు వణికి ఏం లాభం?

కంపెనీ వకీలు నవ్వాడు. “అయితే మా సిబ్బంది చేసింది సరైన పనే కదండీ?”

“దొంగ పాస్‌పోర్టు అన్న మాటో?” అంది అక్క.

అధికారి కాగితాలు చూసుకున్నాడు. “పేజీలు మారలేదు కాబట్టి ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ కుట్టు మార్చిన పాస్‌పోర్టుతో ఎక్కించరమ్మా. దారం ఊడితే పాస్‌పోర్టు ఆఫీసుకి ఇవ్వాలి, ఊరికే మార్చి ఇస్తారు. ఇంట్లో కుట్టుకోవడం ఏమిటి?”

“నాకు ఉత్తరం కావాలండీ.”

“ఇస్తారు. ఏం జరిగిందో రాసి ఇమ్మని ఆదేశిస్తాను.”

అలా, మూడు నెలల గడువుకి తొమ్మిది రోజుల ముందు అక్కకి ఉత్తరం వచ్చింది. కంపెనీ గుర్తు, సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. ప్రయాణికురాలి కుటుంబ సభ్యురాలు పాస్‌పోర్టు కుట్టును మార్చినందువల్ల ప్రయాణం నిరాకరించడమైనది, జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని నాలుగు పంక్తులు. తప్పు ఆమెది కాదన్న మాట ఎక్కడా లేదు. అక్క దాన్ని రెండుసార్లు చదివి, పరాయి దేశం ఆస్పత్రికి పంపకుండానే ప్లాస్టిక్ తొడుగు ఉత్తరం వెనక దోపింది. రెండు వారాల తర్వాత అవతలావిడ ఫోన్ చేసింది. ఆ కుర్చీలో వేరే మనిషిని పెట్టుకున్నామని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. “ఏమీ అనుకోనమ్మా,” అంది అక్క.

పాత పాస్‌పోర్టు రద్దయింది. కొత్తది పోస్టులో వచ్చింది. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా అక్క కవరు చింపి, ముందు నడిమి పేజీ తెరిచింది. పై బెజ్జం దగ్గర దారం ఊడి, వేలి పొడుగున వేలాడుతోంది.

చెల్లెలు చూసింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

“ఇదిగో, చెప్పులేసుకో,” అంది అక్క.

పాస్‌పోర్టు ఆఫీసులో నాలుగో కిటికీ దగ్గర గంటన్నర నిలబడ్డారు. కిటికీ వెనక గుమాస్తా దారాన్ని వేలితో మీటి చూశాడు.

“దీనికోసమా వచ్చారు? ఈ మధ్య వచ్చినవన్నీ ఇంతేనండీ, ఆ మిషనే అంత. మార్చాలంటే మళ్ళీ అర్జీ, మళ్ళీ నెలన్నర. ఎందుకొచ్చిన తిప్పలు? ఇంట్లో సూదీ దారం లేవా? ఎవరిచేతైనా ఓ కుట్టు వేయించుకోండి, ఇంతమంది వేయించుకోవట్లా?”

వెనక లైన్లో ఎవరూ నవ్వలేదు. అక్క గొంతు ఏమాత్రం పెంచకుండా, “ఆ మాట రాసివ్వండి,” అంది.

“ఏ మాట?”

“ఇంట్లో కుట్టుకోమన్న మాట. ముద్ర వేసి ఇవ్వండి.”

“భలేవారే! అలాంటివి రాసిస్తామా? ఏదో మనిషిగా చెప్పాను.”

“మీరు రాయక్కర్లేదు. నేను రాస్తాను, సంతకం పెట్టండి చాలు.” అక్క సంచిలోంచి తెల్లకాగితం తీసి కిటికీ గట్టు మీద పరిచింది. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది. “సూదీ, పెన్నివ్వు.”

చెల్లెలు సంచిలో చేతులు పెట్టి తడుముకుంది. పెన్ను దొరికేలోపు గుమాస్తా గడియారం చూసుకుని, భోజనాల వేళ అన్న బోర్డు పెట్టి, కిటికీ తలుపు దించేశాడు.

అక్క కదల్లేదు. పెన్ను తీసుకుని, మూసిన కిటికీ ముందే రాయడం మొదలుపెట్టింది.