నాలుగో పేరు

కుమాసి నగరంలో, మా ఊరు అబోన్సుయాకు వచ్చే ట్రోట్రో అనే అద్దె వ్యాన్ల దగ్గర ఒక్క పూట నిలబడి చూడండి. కండక్టర్లు "ట్రైనింగ్! ట్రైనింగ్!" అని గొంతు చించుకుంటూ ఉంటారు. వాళ్లు పిలుస్తున్నది మా విశ్వవిద్యాలయాన్నే. అది ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా ఉన్ననాటి పిలుపు అది. దాన్ని విశ్వవిద్యాలయం చేసినప్పుడు ఊరి పేరు పెట్టారు. తర్వాత ఒక ప్రభుత్వం తన నాయకుడి పేరు తగిలించింది. అది దిగిపోగానే వచ్చినవాళ్లు ఆ పేరు పీకేసి మా ఏటి పేరు పెట్టారు. బోర్డు మారిన ప్రతిసారీ డప్పులు, గొడుగులు, ఉపన్యాసాలు! ఆడపిల్లల హాస్టల్లో మాత్రం కుళాయి తిప్పితే గాలి వస్తుంది. పేర్లు మార్చి మార్చి పలకలేక కండక్టర్లు విసుగెత్తి పాత పిలుపుకే వచ్చేశారు. వాళ్లను తప్పుపట్టగలమా?

మా ఊరి అమ్మాయి డూఫీ అక్కడే ప్రసూతి నర్సు చదువు చదివింది. చేరినప్పుడు ఒక పేరు, మార్కుల కాగితాల మీద మరో పేరు, పట్టా మీద మూడోది. జిల్లా ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళితే అధికారి ఆ కాగితాలన్నీ తిరగేశాడు.

"ఎన్ని యూనివర్సిటీల్లో చదివావమ్మా?"

"ఒక్కదాంట్లోనే సార్. పేర్లే మూడు."

"అది నాకెలా తెలుస్తుంది? మూడూ ఒక్కటేనని రిజిస్ట్రారు చేత రాయించి ముద్ర వేయించుకురా. నెలాఖరులోగా తేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది."

రిజిస్ట్రారు అడూసై ఆ మాట వినగానే చేతులెత్తేశాడు.

"ఇప్పుడెలా వేస్తానమ్మా? శనివారం మంత్రిగారొచ్చి కొత్త పేరు ప్రకటిస్తున్నారు. ఆ పేరుతో ముద్ర చేయించేసరికి మూణ్ణెల్లు పడుతుంది."

"అప్పటికి నా ఉద్యోగం ఉండదు సార్!"

"నేనేం చేసేది? ఈసారి పెట్టేది మీ ఇంటి పెద్దాయన పేరేగా. సంతోషించు."

అది నిజమే. కళాశాలకు తన కోకో తోట దానమిచ్చిన అసియామా ఏనాడో పోయాడు. ఆయన డూఫీ అమ్మమ్మకు స్వయానా అన్న. ఎన్నికలు దగ్గరపడేసరికి మంత్రిగారికి ఆయన గుర్తొచ్చాడు. డూఫీ మేనమామ ఒబెంగ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అసియామా బొమ్మతో బట్టలు కూడా అచ్చువేయించాడు.

"మామయ్యా, ఈ పేరు వద్దని చెప్పవా?" అని డూఫీ బతిమాలింది.

"మతిగానీ పోయిందా? తాత పేరు దేశమంతా మోగబోతుంటే నీ ముద్ర గోలేంటే?"

"రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి పీకేస్తే? అప్పుడీ బట్టలు ఏం చేస్తావ్, ఇల్లు తుడుస్తావా?"

అమ్మమ్మ పొకువా వేరుశనగకాయలు ఒలుస్తూ ఇదంతా వింది. ఆమె మా ఊరి రాణీతల్లి, అంటే ఊరిపెద్దతో సమానంగా మాట చెల్లే ఆడపెద్ద. అందరూ ఆమెను గౌరవంగా నానా అని పిలుస్తారు.

శనివారం మైదానం నిండిపోయింది. మా ఆచారం ప్రకారం పోయినవారి పేరు వాడుకోవాలంటే ముందు ఆ ఇంటి పెద్దావిడ జిన్ను సారా సీసాను చేత్తో తాకి సరేననాలి. అప్పుడే దాన్ని నేలమీద వంచి పోయినవారికి చెబుతారు. మంత్రిగారు స్వయంగా సీసా తెచ్చారు. పొకువా చెయ్యి చాపలేదు.

"మంత్రిగారూ, మా ఇళ్లలో బిడ్డ నాలుక మీద నీళ్లచుక్క, జిన్నుచుక్క వేసి ఒక్కసారే పేరు పెడతాం. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే మాత్రం, తర్వాతి బిడ్డను చెత్తకుప్ప అని పిలుస్తాం. చావు అసహ్యించుకుని వదిలేస్తుందని. పేరుతో మేం మోసం చేసేది చావు ఒక్కదాన్నే. మీరు ఈ బడికి నాలుగో పేరు పెడుతున్నారు. ఎవరిని మోసం చేద్దామని?"

జనం గొల్లున నవ్వారు. ఒబెంగ్ తల దించుకున్నాడు.

"నానా, ఇది మీ అన్నగారికి గౌరవం..." అని మంత్రిగారు నసిగారు.

"మా అన్న తోట ఇచ్చిన నాడు పేరు అడగలేదు నాయనా. పిల్లలు చదువుకుంటే చాలన్నాడు. ఇవాళ ఆయన పేరు చెప్పి ఆయన మనవరాలి నోటికాడి కూడు లాగేస్తారా? రేపు మీ తర్వాత వచ్చేవాడు ఆయన పేరు పీకి గోతిలో పడేస్తే ఆ అవమానం మేం మోయాలా? ఈ సీసా నేను ముట్టను." ఆమె అడూసై వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇవాళ మీ గేటు మీద ఉన్న పేరుకి ముద్ర ఉందా, లేదా?"

"ఉంది నానా."

"మరి పిల్లను ఎందుకు తిప్పుతున్నావు?"

అడూసై మంత్రిగారి మొహం చూశాడు. మంత్రిగారు జనాన్ని చూశారు. జనమంతా ఓటర్లే. "వెయ్యవయ్యా" అన్నారాయన నీరసంగా. అడూసై తాళాలు తీసుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. డూఫీ అతని వెనకే వెళ్లింది.

"అయితే మీ అన్నగారి పేరు ఎక్కడా పెట్టొద్దంటారా నానా?" అన్నారు మంత్రిగారు, పోయిన పరువు ఎలాగైనా దక్కించుకుందామని.

"ముందు ఆడపిల్లల హాస్టల్లో నీళ్లు రానివ్వండి. బడికి పేరు తెచ్చేది అందులో చదివి బయటికొచ్చిన పిల్లలు. వాళ్ల కాళ్లకు అడ్డం పడకండి, మా అన్నకు ఆ గౌరవం చాలు."